మెట్టతామర గింజ: తుపాకిలో గుండుకు బదులు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు పాత ఇళ్ళ పెరళ్ళలో, బోరింగుల దగ్గర, మురుగుకాలువల గట్ల మీద వెడల్పాటి ఆకులతో, చిన్న ఎర్రపూలతో గుబురుగా పెరిగే మొక్క మెట్టతామర. కొన్నిచోట్ల కృష్ణతామర అనీ అంటారు. కుప్పం దాటి తమిళ పల్లెల్లోకి వెళితే అది కల్వాళై, కోలారు వైపు కన్నడిగుల నోట కాబాళె. శాస్త్రీయ నామం కన్నా ఇండికా. ఇంగ్లీషువాళ్ళు దీన్ని ‘ఇండియన్ షాట్’ అని పిలుచుకున్నారు. షాట్ అంటే ఇక్కడ పిట్టల వేటకు తుపాకిలో పోసే చిన్న సీసపు గుండు. ఈ మొక్క గింజ అచ్చం ఆ గుండులాగే ఉంటుంది. సీసం దొరకని రోజుల్లో దీన్ని నిజంగానే తుపాకుల్లో పోసి పేల్చారన్న మాట ప్రపంచమంతా తిరిగింది.

పేరులో ఇండియా ఉన్నా మొక్క మనది కాదు. దీని పుట్టిల్లు అమెరికా ఖండపు ఉష్ణ మండలం. వెస్టిండీసును కూడా ఇండియాగానే లెక్కవేసిన కాలంలో యూరపు పండితులు ఈ పేరు పెట్టారు. 1753లో లిన్నేయస్ తన ‘స్పీషీస్ ప్లాంటారం’లో దాన్నే ఖాయం చేశాడు. అప్పటికే ఈ మొక్క మన తీరానికి వచ్చి స్థిరపడింది. డచ్చి గవర్నరు వాన్ రీడ్ మలబారు మొక్కల మీద వెలువరించిన ‘హోర్టస్ మలబారికస్’ పదకొండో సంపుటంలో (1692) దీని బొమ్మ, ‘కాటుబాల’ అన్న మలయాళ పేరు రెండూ ఉన్నాయి. అమెరికా నుంచి వచ్చిన మిరపకాయ, బొప్పాయి, జీడిమామిడి ఎలా మన ఊరివైపోయాయో ఇదీ అలాగే కలిసిపోయింది. అల్లం, పసుపు, అరటి ఉన్న వర్గంలోనే దీనికీ చోటు. దీని కుటుంబంలో మాత్రం కన్నా అన్న ఒక్క ప్రజాతే ఉంది.

గింజను చేతిలోకి తీసుకుని చూడాలి. పువ్వు రాలాక మూడు గదుల కాయ కడుతుంది. దాని పైన ఆముదపు కాయ మీద ఉన్నట్టే మెత్తటి ముళ్ళుంటాయి. పచ్చిగా ఉన్నప్పుడు లోపలి గింజలు తెల్లగా, గోటితో గిచ్చితే దిగేంత లేతగా ఉంటాయి. కాయ ఎండి గోధుమరంగుకు తిరిగి, పొర పగిలేసరికి అవే గింజలు నల్లబడి, గుండ్రంగా, మిరియం కన్నా కాస్త పెద్దవిగా తయారవుతాయి. అడ్డకొలత అయిదారు మిల్లీమీటర్లు. పంటితో కొరికితే పన్నుకే నొప్పి. గచ్చు మీద వేస్తే ఎగిరి దొర్లుతుంది. నీళ్ళలో వేస్తే నేరుగా అడుక్కి పోతుంది. ఈ మునగడం గుర్తుంచుకోవలసిన సంగతి, ఎందుకంటే తుపాకి లెక్కంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

పార్కుల్లో, రైల్వే స్టేషన్ల ముందు పెంచే పెద్ద పసుపు, నారింజ పూల మొక్కలు దీనికి దాయాదులే. 1840ల నుంచి ఫ్రాన్సు తోటమాలులు సంకరం చేసి తీసిన రకాలవి. వాటిలో చాలావాటికి గింజ సరిగా పట్టదు, దుంపతోనే పెంచాలి. గుండులాంటి గింజ కావాలంటే చిన్న ఎర్రపూల నాటు రకమే దిక్కు.

ఇక తుపాకి సంగతి. పాతకాలపు తుపాకిని నోటి నుంచే నింపేవారు. ముందు మందు, దాని పైన గుడ్డముక్కో పీచో, ఆపైన గుండ్లు. గొట్టం లోపల గీతలుండవు, నున్నగా ఉంటుంది. అందుకే అందులో గుండు ఇంతే ఉండాలన్న నియమం లేదు. గొట్టంలో పట్టేది ఏదైనా బయటికొస్తుంది: సీసపు ముక్కలు, విరిగిన మేకులు, గులకరాళ్ళు. యూరపు నుంచి ఆసియా దాకా, గుండు తరిగిన ప్రతిచోటా సైనికులూ వేటగాళ్ళూ చేతికందింది వేసి పేల్చినవాళ్ళే. తర్వాత వచ్చిన రైఫిలు గొట్టంలో మెలికలు తిరిగిన గాళ్ళుంటాయి. గుండు వాటిలో బిగుతుగా కూర్చుంటే తప్ప తుపాకికి పని లేదు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఉన్న ఈ మెట్టప్రాంతం ఆ నున్నటి గొట్టపు తుపాకిని చాలాకాలం చూసింది. పుంగనూరు, కుప్పం పక్కనున్న కంగుంది జమీందారీలు. మదనపల్లె 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా కడప జిల్లాలోది. ఘాట్ల పైనా కిందా పాలెగాళ్ళ రాజ్యం. పాలెగాడి వెంట నడిచే కట్టుబడి బంట్లకు ఈటె, కత్తితోపాటు వత్తితో పేలే తుపాకీ ఆయుధమే. హైదరాలీ మైసూరు నుంచి కర్ణాటకం మీదికి ఈ దారుల్లోనే దిగాడు. 1782 డిసెంబరులో చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేటలో, దండు విడిదిలోనే కన్నుమూశాడు. 1801లో ఆర్కాటు నవాబు రాజ్యం కంపెనీ వశమయ్యాక చిత్తూరు పాలెగాళ్ళు తిరగబడ్డారు. 1804-05లో వాళ్ళను అణచడానికి కంపెనీ సైన్యం అడవుల్లోకి దిగవలసి వచ్చింది. అడవిలో దాక్కుని పోరాడేవాడికి మందుగుండు సరఫరా ఎప్పుడూ కటకటే. మందు తయారీకి కావలసిన సురేకారం, బొగ్గు దేశంలోనే దొరికేవి. సీసం మాత్రం కొనితెచ్చుకోవలసిన సరుకు. గుండుకు ప్రత్యామ్నాయం వెతికే అవసరం ఎక్కడ పుట్టిందో ఈ తేడాను చూస్తే బోధపడుతుంది.

మెట్టతామర గురించి ఎక్కువగా వినిపించే కథ వీళ్ళది కాదు, 1857ది. సిపాయిల తిరుగుబాటులో గుండ్లు అయిపోయిన సైనికులు ఈ గింజల్ని తుపాకుల్లో పోసి కాల్చారట. తోటల పుస్తకాల్లో, విత్తనాల కేటలాగుల్లో, బీబీసీ తోటపని పేజీల్లో కూడా ఈ మాట కనిపిస్తుంది. మొక్కకు ఇంగ్లీషు పేరు ఆ సంఘటన వల్లే వచ్చిందని కొందరు ఇంకో అడుగు ముందుకేస్తారు. ఆ రెండో మాట చెల్లదు. 1857కి దశాబ్దాల ముందే ఇంగ్లండు తోట గ్రంథాల్లో ఇండియన్ షాట్ అన్న పేరు స్థిరపడింది. గింజ ఆకారం చూసి పెట్టిన పేరు అది. పేరు ముందు పుట్టింది, కథ దాన్ని పట్టుకుని తర్వాత అల్లుకుంది.

మొదటి మాటను కూడా తూకం వేసి చూడాలి. తిరుగుబాటుకు నిప్పంటించిన ఎన్‌ఫీల్డు రైఫిలు గొట్టపు లోపలి కొలత దాదాపు పద్నాలుగున్నర మిల్లీమీటర్లు, లోపల గాళ్ళు. దాని తూటా ఒక్కటే ముప్పై గ్రాములు దాటుతుంది. అయిదు మిల్లీమీటర్ల గింజ అందులో దేనికీ పనికిరాదు. అయితే అప్పటి సిపాయిల్లో ఎక్కువమంది చేతుల్లో ఉన్నవి పాత నున్నగొట్టపు మస్కెట్లే. ఊళ్ళల్లో జనం దగ్గరున్నవి వత్తి తుపాకులు. వాటిలో గుప్పెడు గింజలు పోసి పేల్చడం సాధ్యమే. ఒకచోట ఎవరో ఆ పని చేసి ఉండడంలో వింతేమీ లేదు. యుద్ధం గింజలతో సాగిందనుకుంటేనే పొరపాటు.

ఎందుకో చెప్పడానికి బరువు లెక్క చాలు. సీసం నీటికన్నా పదకొండు రెట్లకు పైగా బరువు. మెట్టతామర గింజ నీళ్ళలో మునుగుతుంది కాబట్టి నీటికన్నా బరువే, కాని కొంచెమే. అయిదు మిల్లీమీటర్ల సీసపు గుండు ముప్పావు గ్రాము దాకా తూగితే అదే కొలత గింజ గ్రాములో పదో వంతుకు లోపే. రెండూ ఒకే వేగంతో గొట్టం దాటాయనుకుందాం. గింజలో ఉన్న శక్తి సీసంలో ఉన్నదానిలో పదో వంతు. రెండింటి పరిమాణం ఒకటే కాబట్టి గాలి రెండింటినీ ఒకే బలంతో అడ్డుకుంటుంది. బరువు తక్కువైనది ఆ అడ్డుకు తొందరగా లొంగిపోతుంది. సీసపు గుండు దూరాన ఉన్న కుందేలును పడగొట్టే చోట గింజ అప్పటికే చతికిలపడి నేల మీద దొర్లుతూ ఉంటుంది.

అలాగని గింజే కదా అని తీసిపారేయకూడదు. దగ్గర్లో దాని దెబ్బ దెబ్బే. చెక్కలోంచి దూసుకుపోయి కూడా చెడకుండా, తర్వాత మొలకెత్తేంత గట్టిదని ఈ గింజకు పేరుంది. కంటికి తగిలితే కన్ను పోతుంది. పాత నాటు తుపాకిలో గుండు ఏదైనా సరే, మందు పేలుడే పెద్ద ముప్పు. గొట్టం పగిలి పేల్చినవాడి చేతులే పోయిన ఘటనలకు లెక్కలేదు.

గట్టి గింజలు మన దగ్గర ఇంకా ఉన్నాయి. వాటిలో ఏది గుండుకు పనికొస్తుందో, ఏది రాదో చూస్తే బరువు మాట ఇంకా తేటపడుతుంది. గచ్చకాయ రాయిలా ఉంటుంది. పిల్లలు గచ్చు మీద రుద్ది వేడెక్కించి పక్కవాడికి చురక పెట్టే కాయ ఇదే. అయినా అది నీళ్ళ మీద తేలుతుంది, లోపల గాలి ఉండడమే కారణం. సముద్రం మీద కొట్టుకుపోయి స్కాట్లండు దీవుల ఒడ్డుకు చేరిన గచ్చకాయల్ని అక్కడి జనం దృష్టి తగలకుండా మెడలో కట్టుకున్నారు. అంత దూరం తేలిపోయే గింజ గుండుగా దండగ. పైగా పెద్దది. గురువింద గట్టిది, చిన్నది, కంసాలి త్రాసులో తూకపురాయిగా శతాబ్దాలు పనిచేసింది. దాని ఎత్తు ఒక గ్రాములో పదో వంతుకు కాస్త పైన. కాని దాని లోపల అబ్రిన్ అనే విషం ఉంది. పెంకు చెక్కుచెదరకుండా మింగితే చాలాసార్లు అలాగే బయటికి పోతుంది, నలిగితే ప్రాణాంతకం. పిల్లలున్న ఇంట్లో ఉంచదగ్గది కాదు.

గింజను గుండుగా పేల్చే ఆచారం ఇప్పటికీ నిండుగా బతికి ఉన్న చోటు ఒకటుంది. మందు లేని తుపాకి అది. వరంగల్లు కాకతీయుల వంశం 1323 తర్వాత గోదావరి దాటి బస్తరులో రాజ్యం నిలబెట్టుకుందని అక్కడి సంప్రదాయం చెబుతుంది. అన్నమదేవుడు ఆ వంశానికి మూలపురుషుడు. ఆ వంశపు పురుషోత్తమదేవుడు పూరీకి వెళ్ళి వచ్చి జగదల్‌పూరు ప్రాంతంలో జగన్నాథ రథోత్సవాన్ని మొదలుపెట్టాడంటారు. గోంచా అని పిలిచే ఆ పండుగ ఆషాఢంలో వస్తుంది, ఆరు వందల ఏళ్ళ నాటిదని బస్తరు వాసుల లెక్క. రథం కదిలేటప్పుడు దేవుడికి వందనంగా జనం తుప్కీలు పేలుస్తారు. తుప్కీ అంటే సన్నటి వెదురు గొట్టం. దాని మీద తాటాకు, రంగు కాగితాలు చుట్టి అలంకరిస్తారు. గొట్టంలో సరిపోయే కర్రపుల్ల ఒకటి.

దాంట్లో వేసే గుండు పెంగు. జ్యోతిష్మతి అని ఆయుర్వేదం పిలిచే అడవితీగ పచ్చి కాయ అది, బఠాణీ అంత ఉంటుంది. ఒక కాయను గొట్టం చివరిదాకా నెట్టి వెనక ఇంకోదాన్ని దూర్చుతారు. పుల్లను వేగంగా తోస్తే రెండు కాయల మధ్య గాలి నలిగి, ముందుది టప్పున ఎగిరిపోతుంది. వెనకది ముందుకొచ్చి తర్వాతి పేలుడుకు సిద్ధంగా నిలుస్తుంది. వేలమంది ఒకేసారి పేలుస్తుంటే వీధంతా మారుమోగుతుంది. జ్యోతిష్మతి నూనె కీళ్ళనొప్పులకు రాస్తారు కాబట్టి పెంగు దెబ్బ ఒంటికి మంచిదన్న నమ్మకం కూడా ఉంది. పండుగకు ముందు అడవి పల్లెల వాళ్ళు తుప్కీలు, పెంగు గుత్తులు తెచ్చి జగదల్‌పూరు వీధుల్లో అమ్ముకుంటారు. గింజతో గురిపెట్టే ఆలోచన వేటనూ యుద్ధాన్నీ వదిలి పండుగలో కుదురుకున్న తీరు ఇంత అందంగా మరెక్కడా కనిపించదు.

అసలు మెట్టతామర గింజకు అంత గట్టిదనం ఎందుకు? తుపాకి కోసం కాదు, ఎదురుచూడడం కోసం. గింజ పై పొరలో నిలువుగా, ఇరుగ్గా పేర్చినట్టున్న గట్టి కణాలుంటాయి. వాటి మీద నీటిని లోపలికి రానివ్వని పూత. నీళ్ళు చొరబడనంతకాలం లోపలి మొలక నిద్రలోనే ఉంటుంది. ఎండా వానా, వేడీ చల్లదనం మారుతూ ఆ పొర ఎక్కడో చిట్లితేనే కదలిక. అందుకే తోటమాలులు ఈ గింజను నేరుగా నాటరు. ఆకురాయితో ఒకవైపు తెల్లటి గుజ్జు కనబడేదాకా రుద్ది, ఒకటి రెండు రోజులు నీళ్ళలో నానబెట్టి నాటుతారు. రుద్దని గింజ నెలల తరబడి మట్టిలో అలాగే పడి ఉండగలదు.

నెలలు కాదు, శతాబ్దాలు కూడా. అర్జెంటీనాలో సాల్తా రాష్ట్రపు శాంటా రోసా దె తాస్తిల్ దగ్గర తవ్వకాల్లో ఒక సమాధిలో గలగలలాడే మాల దొరికింది. అడవి అక్రోటు కాయలతో చేసిన మాల, కాయ లోపల కన్నా గింజ. అక్రోటు పచ్చిగా ఉన్నప్పుడే అందులోకి గింజను దూర్చారు, తర్వాత పెంకు దాని చుట్టూ గట్టిపడింది. అంటే పెంకు వయసే గింజ వయసు. ఆ గింజల్లో ఒకటి మొలకెత్తిందని 1968లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. 1971లో అదే పత్రికలో కార్బన్ పరీక్ష ఫలితం వెలువడింది: వయసు దాదాపు ఆరు వందల ఏళ్ళు. ప్రపంచంలో మొలిచిన పాత విత్తనాల జాబితాలో ఈ గింజది ఇప్పటికీ గౌరవమైన స్థానం.

ఆ మాలలో గింజ చేసిన పని చప్పుడు. నిజానికి తుపాకిలో కన్నా వాయిద్యంలోనే దీనికి ఎక్కువ పని దొరికింది. జింబాబ్వేలో షోనా జనం హోషో అనే సొరకాయ బుర్రలో ఈ గింజలే నింపి ఆడిస్తారు. మారిషస్‌లో సెగా పాటకు తాళం వేసే మరవాన్, పక్కనే ఉన్న రీయూనియన్‌లో కాయాంబ్ ఒకే రకం వాయిద్యాలు. చెరకు పూగొమ్మల కాడల్ని పలకగా కట్టి లోపల మెట్టతామర గింజలో, గురువిందలో పోస్తారు. 1830ల తర్వాత కోరంగి, మద్రాసు రేవుల నుంచి వెళ్ళిన తెలుగు కూలీలు కోసింది ఆ చెరకునే. యూరపులో ఈ గింజలు జపమాలలయ్యాయి. గట్టిగా, గుండ్రంగా, నల్లగా, ఏళ్ళ తరబడి పుచ్చకుండా ఉండే గింజకు అది సహజమైన కొలువు.

తిరిగి చిత్తూరు మెట్టకు వస్తే, ఇక్కడ నోటి నుంచి నింపే తుపాకి చరిత్రలోకి పూర్తిగా జారిపోలేదు. వేరుశనగ, టమాటా చేలను రాత్రిపూట అడవిపందులు పెకలించి పోతాయి. కుప్పం, పలమనేరు అడవుల్లోకి 1980లలో కర్ణాటక, తమిళనాడు వైపు నుంచి ఏనుగులు వచ్చాయి. వాటి కోసం 1990లో కౌండిన్య అభయారణ్యాన్ని ఏర్పరిచారు. మంచె కట్టి, డప్పు కొట్టి, టపాకాయ కాల్చి కాపలా కాసే రైతు కష్టం చిన్నది కాదు. 1959 నాటి ఆయుధాల చట్టం ఆ కష్టాన్ని కొంత గుర్తించింది. నిజంగా పంటను కాపాడుకోవడానికైతే నోటితో నింపే తుపాకికి లైసెన్సు ఇవ్వవచ్చని అందులో ప్రత్యేకంగా ఉంది. లైసెన్సు లేని నాటు తుపాకి మాత్రం నేరం. దాంతో అడవి జంతువును కొడితే 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద ఇంకో నేరం.

గింజ పోస్తే తుపాకి ఆటబొమ్మ అవుతుందన్న వాదన అక్కడ నిలవదు. పేలుడు బలంతోనో ఇంకో శక్తితోనో ‘ఏ రకమైన’ గుండునైనా విసిరే ఆయుధం తుపాకే అని చట్టం నిర్వచనం. సీసమా, రాయా, గింజా అన్న తేడా అందులో లేదు. ఆ నిర్వచనం రాసినవాళ్ళు ఆలోచించే రాశారు. చేతికందింది పోసి పేల్చే పద్ధతి ఎంత పాతదో వాళ్ళకు తెలుసు.

ఇప్పుడు గుండు చరిత్ర ఇంకో మలుపులో ఉంది. సీసానికి ప్రత్యామ్నాయం వెతకడానికి కారణం కొరత కాదు, విషం. చెరువుల్లో పడిన సీసపు గుండ్లను బాతులు గులకరాళ్ళనుకుని మింగి చస్తున్నాయని తేలాక, నీటిపక్షుల వేటలో సీసాన్ని అమెరికా 1991లో నిషేధించింది. యూరోపియన్ యూనియన్ 2023 నుంచి చిత్తడి నేలల్లో నిషేధం అమలుచేసింది. వాటి స్థానంలో ఉక్కు, బిస్మత్ గుండ్లు వచ్చాయి. గింజలు మాత్రం వేటకు కాదు, నాటడానికే తుపాకి ఎక్కాయి. 2013లో స్వీడన్‌లో ‘ఫ్లవర్ షెల్’ పేరుతో పూలగింజలు నింపిన తూటాలు తయారుచేశారు. నేల మీదికి కాలిస్తే అక్కడ పూలు మొలవాలన్నది ఉద్దేశం.

2017 జనవరిలో అమెరికా రక్షణ శాఖ ఇంకొంచెం పెద్ద కోరికతో ముందుకొచ్చింది. సైనికుల శిక్షణలో పేల్చే గుండ్లు, వాటి తొడుగులు నేలలో వందల ఏళ్ళు కుళ్ళకుండా పడి ఉంటున్నాయి. వాటికి బదులు మట్టిలో కలిసిపోయే పదార్థంతో గుండు చేసి, లోపల విత్తనం పెట్టాలని కంపెనీలను ఆహ్వానించింది. షరతులు కూడా పెట్టింది. పేలుడు దెబ్బకు విత్తనం చావకూడదు, నేలలో పడ్డాక కొన్ని నెలల వరకు మొలవకూడదు, మొలిచిన మొక్క మట్టిలోని మలినాన్ని పీల్చుకోవాలి, దాన్ని మేసిన జంతువుకు హాని జరగకూడదు.